పాలీహౌస్‌లో దిగుబడి కత్తెర పట్టిన చేతిలో ఉంది

సంపాదకులు గారికి నమస్కారం.

పైపుల మీద ప్లాస్టిక్ షీటు కప్పి, లోపల పంట పండించే పాలీహౌస్ సాగు మీద పత్రికల్లో వచ్చే వార్తల్లో సబ్సిడీ శాతం ఉంటుంది, ఎకరానికి అయ్యే లక్షలు ఉంటాయి, గాలివానకు చిరిగిన షీటు ఫొటో ఉంటుంది. లోపల మొక్కను ఏ రోజు, ఎక్కడ తుంచాలో మాత్రం ఉండదు. కేంద్రం ఉద్యాన మిషన్ కింద సగం ఖర్చు భరించింది. తెలంగాణ ఏర్పడ్డాక ఇక్కడి ప్రభుత్వం 75 శాతం, ఎస్సీ, ఎస్టీ రైతులకు 95 శాతం సబ్సిడీ ఇచ్చింది. అలా కట్టుకున్న పాలీహౌస్‌లలో కొన్ని ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. ధర లేదని, వేర్లకు నులిపురుగు పట్టిందని, షీటు మార్చడానికి డబ్బు లేదని రైతులు చెప్పే కారణాలు నిజమైనవే. వాటిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే వాటన్నిటికంటే ముందే, నారు నాటిన నెల నుంచి రెండు నెలల మధ్య, కత్తెర పట్టాల్సిన చోట పట్టక, పట్టకూడని చోట పట్టి పంట చేజార్చుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువగా క్యాప్సికం గురించే రాస్తున్నాం. తప్పులు ఎక్కువ జరిగేది అందులోనే, నష్టం ఎక్కువ వచ్చేదీ అందులోనే.

ఈ పని తెలుగు రైతుకు కొత్తది కాదు. ప్రకాశం జిల్లా పొగాకు రైతు పూత తల విరిచి, ఆ తర్వాత వచ్చే పిలకలన్నీ తీసేస్తాడు. ఆకు మందం, బరువు దాని మీదే ఆధారపడి ఉన్నాయని అతనికి తెలుసు. చామంతి వేసేవాళ్లు నాటిన నెలకు తల తుంచుతారు. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు ఉన్న రోజుల్లో ఏటా రెండు కత్తిరింపులు తప్పనిసరి: వేసవిలో కొమ్మ కోసం ఒకటి, అక్టోబరులో కాయ కోసం ఒకటి. వీటన్నిటి వెనుక ఉన్న సూత్రం ఒకటే. కొన చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కాండం వెంబడి కిందికి దిగుతూ పక్క మొగ్గలను లేవనివ్వదు. కొన తీస్తే పక్క మొగ్గలు లేస్తాయి. పక్క మొగ్గలు తీస్తే బలమంతా కొనకు, దాని మీది కాయకు వెళ్తుంది. ఏది తీయాలన్నది మనకు ఆ మొక్క నుంచి ఏం కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది.

పాలీహౌస్‌లో దీని అవసరం బయటికంటే ఎక్కువ. షీటు కొత్తదైనా బయటి వెలుగు మొత్తం లోపలికి రాదు. రెండేళ్ల దుమ్ము పట్టాక ఇంకా తగ్గుతుంది. పై ఆకుల నీడలో మిగిలిపోయిన కింది ఆకు తాను తయారుచేసే ఆహారం కంటే ఖర్చు చేసేదే ఎక్కువవుతుంది. పైగా మన దగ్గర చాలావరకు ఫ్యాన్లు లేని, సహజంగా గాలి ఆడే పాలీహౌస్‌లే. మొక్క పొదలా అల్లుకుంటే గాలి ఆగిపోతుంది, తేమ నిలుస్తుంది, ఆకు వెనుక బూడిద తెగులు మొదలవుతుంది. మందు కొట్టినా ఆ గుబురు లోపలికి చేరదు. తెగులు తగ్గలేదని మళ్లీ మందు కొట్టే రైతు, ముందు గుబురు తీయాలి.

ఇక క్యాప్సికం. ఎత్తుగా పోసిన మట్టి బెడ్డు మధ్య నుంచి పక్క బెడ్డు మధ్యకు మీటరున్నర, బెడ్డు మీద రెండు వరసలు, మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్లు అనుకుంటే ఎకరం పాలీహౌస్‌లో దాదాపు 11,500 మొక్కలు పడతాయి. మొక్కకు రెండు కొమ్మలు ఉంచితే చదరపు మీటరుకు ఆరు కొమ్మలు, నాలుగు ఉంచితే పన్నెండు. 30 సెంటీమీటర్ల దూరంలో నాటితే రెండు కొమ్మలకే చదరపు మీటరుకు ఎనిమిది, తొమ్మిది వస్తాయి. చివరికి లెక్కలోకి వచ్చేది చదరపు మీటరుకు ఎన్ని కొమ్మలు ఉన్నాయన్నదే. దగ్గరగా నాటి నాలుగు కొమ్మలు వదిలేస్తే పది వారాలకు ఆ వరసల మధ్య మనిషి నడవలేడు. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో ఉన్న భారత ఉద్యాన పరిశోధన సంస్థ రెండు కొమ్మల పద్ధతినీ, నాలుగు కొమ్మల పద్ధతినీ చెబుతుంది. ఆకుపచ్చ కాయగానే కోసి అమ్మేవారికి నాలుగు కొమ్మలు సరిపోతాయి. ఎరుపు, పసుపు రంగు వచ్చేదాకా చెట్టు మీద ఉంచి, 150 నుంచి 200 గ్రాముల కాయ తీయాలంటే రెండు కొమ్మలే మేలని మా అభిప్రాయం. ఆకుపచ్చ కాయ నాటిన రెండు నెలలకే కోతకు వస్తే, పసుపు రంగుకు మరో రెండు వారాలు, ఎరుపుకు అంతకంటే ఎక్కువ పడుతుంది. అన్ని రోజులు కాయను మోసే కొమ్మకు పోటీ తక్కువగా ఉండాలి.

నాటిన మొదటి రెండు, మూడు వారాలు మొక్కను ముట్టుకోవద్దు. వేరు పట్టనివ్వాలి. ఆ తర్వాత అడుగు ఎత్తుకు అటూ ఇటూగా కాండం తనంతట తానే రెండుగా, కొన్నిసార్లు మూడుగా చీలుతుంది. ఆ పంగలో ఒక పువ్వు వస్తుంది. మొదటి కాయ కదా, ముందు డబ్బు వస్తుందని చాలామంది దాన్ని ఉంచేస్తారు. అదే పెద్ద తప్పు. ఆ ఒక్క కాయ ఊరేటప్పుడు పైన రెండు కొమ్మల ఎదుగుదల ఆగిపోతుంది. కాయ కూడా పంగలో ఇరుక్కుని వంకరపోతుంది, ఒక్కోసారి పంగనే చీలుస్తుంది. దాన్ని మొగ్గగా ఉన్నప్పుడే గోటితో తీసేయాలి. మొక్క బలహీనంగా ఉంటే ఆ పై కణుపు పువ్వు కూడా తీయాలి. పంగ కింద కాండం మీద వచ్చే పక్క చిగుళ్లన్నీ తీసేయాలి. పంగ కింది ఆకులు మాత్రం అప్పుడే పీకకూడదు. కొత్త కొమ్మలు కుదురుకునేదాకా మొక్కకు తిండి పెట్టేవి అవే.

మూడు కొమ్మలు వచ్చిన చోట బలం సమానంగా ఉన్న రెండింటిని, అవీ ఎదురెదురు దిక్కులకు చూసేవాటిని ఉంచాలి. ఒకటి బాగా లావు, ఒకటి సన్నం ఉంటే రెండు నెలలకు సన్నది పూర్తిగా వెనుకబడుతుంది. ఇక్కడి నుంచి ప్రతి కణుపు దగ్గరా కొమ్మ మళ్లీ రెండుగా చీలుతుంది, ఒకటి బలంగా, ఒకటి నీరసంగా. బలమైనదాన్ని పైకి పోనిచ్చి, నీరసమైనదాన్ని తుంచాలి. 8 నుంచి 10 రోజులకు ఒకసారి ఈ పని పంట ఉన్నన్ని నెలలూ సాగాలి. నాలుగు కొమ్మల పద్ధతి అయితే రెండో చీలిక దాకా అన్నీ ఉంచి, మూడో చీలిక నుంచి ఇదే పని.

ఇక్కడే చాలామంది చేతులు తప్పు చేస్తాయి. నీరసమైన పక్క కొమ్మను మొదలంటా పీకేస్తారు. చూడటానికి వరస శుభ్రంగా, కొమ్మలు నిటారుగా, ఫొటోకు బాగుంటుంది. కానీ ఆ కణుపు దగ్గర పట్టిన కాయకు నీడ పోతుంది, దగ్గరి నుంచి తిండి పెట్టే ఆకూ పోతుంది. మార్చి, ఏప్రిల్ ఎండలో ఆ కాయ భుజం మీద తెల్లగా, కాగితంలా మచ్చ పడుతుంది. దాన్ని తెగులు అనుకుని మందు కొడతారు. అది ఎండదెబ్బ. పక్క కొమ్మను మొదలంటా తీయకుండా వర్షాకాలంలో ఒక ఆకు, ఎండాకాలంలో రెండు ఆకులు ఉంచి ఆ పైన కొన తుంచాలి. వెలుగు తక్కువగా ఉండే ఆగస్టు రోజులకూ, నెత్తి మాడే ఏప్రిల్‌కూ ఒకే కత్తిరింపు పనికిరాదు.

ఆలస్యం కూడా అంతే నష్టం. పక్క కొమ్మ రెండంగుళాలు ఉన్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి పక్కకు వంచితే టిక్కున విరుగుతుంది, గాయం శనగగింజంత కూడా ఉండదు. మూడు వారాలు వదిలేస్తే అది పెన్సిల్ లావవుతుంది. అప్పుడు కత్తెరతో కోసినా పెద్ద గాయం, దాంట్లోంచి బూజు కాండంలోకి దిగుతుంది. అన్ని రోజులూ మొక్క దానికి పెట్టిన బలమంతా చెత్తకుప్పలో పడుతుంది. ఒక్కసారిగా ఎక్కువ ఆకు పోతే మొక్క తాగే నీరు కూడా తగ్గుతుంది. డ్రిప్పు మాత్రం పాత టైముకే నడిస్తే బెడ్డు చిత్తడి అయ్యి వేరుకుళ్లు మొదలవుతుంది. పెద్ద కత్తిరింపు చేయక తప్పనప్పుడు రెండు విడతలుగా, నాలుగైదు రోజుల తేడాతో చేయాలి. ఆ వారం డ్రిప్పు టైము తగ్గించి, మట్టి పిడికిట్లో పట్టి చూసి నీళ్లు ఇవ్వాలి.

కత్తిరింపు ఉదయం, కట్టు మధ్యాహ్నం. ఈ నాలుగు మాటలు ప్రతి పాలీహౌస్ గేటు మీద రాయాలి. ఉదయం ఆకు మీద తడి ఆరాక తుంచితే సాయంత్రానికి గాయం ఎండిపోతుంది. సాయంత్రం తుంచితే రాత్రి తేమలో గాయం తెరిచే ఉంటుంది. పైన కట్టిన తీగ నుంచి వేలాడే తాడుకు కొమ్మను చుట్టే పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఉదయం మొక్క నిండా నీరు ఉండి కొమ్మ పెళుసుగా ఉంటుంది, కొద్దిగా తిప్పినా పంగ దగ్గర చీలుతుంది. రెండు, మూడు గంటలకు కొద్దిగా వాడినట్టు మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది. పంగ చీలినా వెంటనే రెండు ముక్కలూ దగ్గరకు చేర్చి, అంట్లు కట్టే టేపుతో బిగిస్తే, బెరడు ఒక పక్కనైనా అంటుకుని ఉంటే బతికే అవకాశం ఉంది. పీకి పారేయక్కర్లేదు.

తాడు, తీగ గురించి రైతులు చివర్లో ఆలోచిస్తారు. రెండు కొమ్మల లెక్కన ఎకరానికి 23 వేల తాళ్లు కావాలి. ఒక్కోటి మూడున్నర మీటర్లు అయితే మొత్తం 80 కిలోమీటర్ల తాడు. జనపనార పురికొస చౌక అని కొంటే ఆ తేమకు పంట మధ్యలోనే కుళ్లి తెగుతుంది. తొమ్మిది, పది నెలల పంటకు ఎండకు తట్టుకునే ప్లాస్టిక్ తాడే కావాలి. పైన తీగ జింకు పూత వేసిన గట్టి ఇనుప తీగ (జీఐ తీగ) అయి ఉండాలి. 30 మీటర్ల వరసలో 66 మొక్కలు ఉంటాయి. కాయతో కలిపి మొక్క మూడు కిలోలు తూగినా ఆ ఒక్క వరస మీద 200 కిలోల బరువు. మూడు, నాలుగు మీటర్లకు ఒక ఆధారం లేకపోతే తీగ మధ్యలో కిందికి జారుతుంది, తాళ్లన్నీ వదులవుతాయి, కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పుడు మళ్లీ లేపబోతే విరిగేవే ఎక్కువ.

కాండానికి తాడు కట్టేటప్పుడు ఉచ్చు బిగిసేలా కట్టకూడదు. చిటికెన వేలు దూరేంత వదులు ఉండాలి, ముడి జారకూడదు. ఇప్పుడు పెన్సిల్ లావున్న కాండం ఆరు నెలలకు బొటనవేలి లావవుతుంది. జారే ముడి వేస్తే అది కోసుకుపోయి, పై మొక్క ఒకరోజు ఉన్నట్టుండి వాడిపోతుంది. ఎండు తెగులు అనుకుని మొక్క మొదలు దగ్గర మందు పోస్తారు. కిందికి వంగి ముడి చూస్తే సంగతి తెలుస్తుంది. తాడును పైనుంచి మరీ లాగి కట్టినా లేత మొక్క వేర్లతో సహా పైకి లేస్తుంది. కణుపుకు ఒక చుట్టు చొప్పున, ఆకు కాడ కింద నుంచి తాడు వెళ్లాలి. పువ్వు మీదుగా, కాయ కాడ మీదుగా వెళ్లకూడదు. అన్ని మొక్కలకూ ఒకే దిక్కుకు చుట్టాలి. పది మంది పనిచేసే చోట ఒకరు కుడికి, ఒకరు ఎడమకు చుడితే తర్వాతి వారం వచ్చినవాళ్లు తెలియక విప్పుతూ పోతారు.

కాయ లెక్క మరో సంగతి. క్యాప్సికం కాపు అలలు అలలుగా వస్తుంది. మొదటి కాపులో పట్టిన ప్రతి పిందెనూ ఉంచితే, అవి ఊరేదాకా పైన వచ్చే పూత రాలిపోతుంది. తర్వాత మూడు వారాలు కోతకు ఏమీ ఉండదు. ఆ తర్వాత ఒక్కసారిగా వచ్చిన సరుకుకు ధర ఉండదు. ఒక కొమ్మ మీద ఒకేసారి ఊరే కాయలు నాలుగైదుకు మించకుండా, వంకరవి, అంటుకుపోయినవి, పురుగు గీరినవి పిందె దశలోనే తీసేస్తే కోత నెలల తరబడి సమంగా నడుస్తుంది. పూత రాలడానికి వేడి కూడా కారణం. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే కత్తిరింపు ఎంత బాగా చేసినా పూత నిలవదు. అప్పుడు చేయాల్సింది పైన షేడ్‌నెట్ లాగడం, పక్క కర్టెన్లు ఎత్తడం. కత్తెర పట్టడం కాదు.

చేతుల శుభ్రత గురించి గట్టిగా చెప్పాలి. కత్తిరింపు చేసే మనిషి ఒక్కరోజులో వందల మొక్కలకు గాయం చేస్తారు. ఒక మొక్కలో వైరస్ ఉంటే ఆ చేతులే దాన్ని వరసంతా పంచుతాయి. పొగాకు మొజాయిక్ జాతి వైరస్‌లు చుట్టలో, బీడీలో, ఖైనీలో కూడా బతికి ఉంటాయి. అవి నలిపిన చేతులతో క్యాప్సికం, టమాటా ముట్టుకోకూడదు. గేటు దగ్గర సబ్బు, నీళ్లు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. వెన్న తీసిన పాలపొడిని లీటరు నీటికి 200 గ్రాముల చొప్పున కలిపి, వరస మారినప్పుడల్లా చేతులు, కత్తెర అందులో ముంచితే వైరస్ అంటుకోవడం బాగా తగ్గుతుంది. పని ఎప్పుడూ ఆరోగ్యంగా ఉన్న వరసల నుంచి మొదలుపెట్టి, ముడత ఉన్న వరసలతో ముగించాలి. మిరప రైతులకు తెలిసిన మాటే: ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. ఆ నల్లి కంటికి ఆనదు, బట్టలకు అంటుకుని పక్క వరసకు వెళ్తుంది. తుంచిన పువ్వులు, చిగుళ్లు దారిలో పడేసి తొక్కుకుంటూ పోవడం అన్నిచోట్లా కనిపిస్తుంది. 2021లో మిరపను ముంచిన నల్ల తామర పురుగు దాక్కునేది పువ్వులోనే. తీసిన ప్రతి పువ్వూ నడుముకు కట్టుకున్న సంచిలో పడాలి. ఆ సంచి మూతి కట్టి బయటికి తీసుకెళ్లి పూడ్చాలి.

కీరా దోసలో పని తేలిక, కానీ వేగం కావాలి. వారం ఆలస్యమైతే పక్క తీగలు చెయ్యి పొడవు అవుతాయి. నేల నుంచి అర మీటరు దాకా, అంటే మొదటి ఐదారు కణుపుల దాకా పువ్వులు, పక్క తీగలు, నులితీగలు అన్నీ తీసేయాలి. ఆ పైన ప్రధాన తీగ మీద కణుపుకు ఒక కాయ చొప్పున ఉంచి పక్క తీగలు తుంచుతూ పోవాలి. నులితీగలను వదిలేస్తే అవి కాయను, పక్క మొక్క ఆకును పట్టుకుని మెలిపెడతాయి. కీరా తీగ ఎదిగి పైన కట్టిన జీఐ తీగను అందుకున్నాక కొన తుంచి, చివరి రెండు పక్క తీగలను మాత్రం రెండు పక్కలా కిందికి వేలాడనివ్వాలి. గొడుగు ఆకారంలో వచ్చే ఈ పద్ధతిలో రెండో విడత కాపు వాటి మీద వస్తుంది. పసుపెక్కిన అడుగు ఆకులు వారానికి రెండు, మూడు తీస్తే చాలు.

ఈ మధ్య మిద్దె తోటల వీడియోల్లో బాగా పాకిన 3జీ కటింగ్‌ను కొందరు పాలీహౌస్ కీరాలో కూడా చేస్తున్నారు. అది ఆపాలి. సొర, కాకరల్లో మొదటి తీగ మీద మగ పూలు ఎక్కువ, పక్క తీగల మీద ఆడ పూలు ఎక్కువ వస్తాయి కాబట్టి కొన తుంచి రెండో తరం, మూడో తరం తీగలు తెప్పించడంలో అర్థం ఉంది. పాలీహౌస్ కీరా రకాలకు ప్రతి కణుపులోనూ ఆడ పువ్వే. పరాగసంపర్కం కూడా అవసరం లేకుండా కాయ కడుతుంది. దాని కొన ముందే తుంచితే పది, పదిహేను రోజుల కాపు ఊరికే పోతుంది. అదే కారణంగా ఈ రకాల దగ్గరికి తేనెటీగలను రానివ్వకూడదు. వచ్చి వాలితే కాయలో గింజ కట్టి, కొన వైపు ఉబ్బి, రెండో రకం సరుకు కింద పోతుంది. పక్క నెట్‌లో చిరిగిన చోట కుట్టుకోవాలి.

టమాటాలో ముందు రకం చూడాలి. ఎదుగుతూనే ఉండే పాలీహౌస్ రకాలకే ఒంటి కాండం పద్ధతి. బయట పొలానికి వాడే పొట్టి, గుబురు రకాలు నాలుగైదు గెలలు వేసి కొనలోనే పూతతో ఆగిపోతాయి. వాటి పక్క కొమ్మలు తీయడమంటే కాపు తీసేయడమే. విత్తనం ప్యాకెట్ అమ్మే దుకాణంలో ఈ ఒక్క ప్రశ్న అడగకుండా కొన్నవాళ్లు ఎందరో నష్టపోయారు. ఎదిగే రకాల్లో ఆకు చంకలో వచ్చే పిలక అంగుళంన్నర ఉన్నప్పుడే వారం వారం విరిచేయాలి. గెలకు నాలుగైదు కాయలు ఉంచాలి. కింది గెల కోతకు వచ్చాక దాని కింది ఆకులు తీసి, తాడు వదులుచేసి తీగను బెడ్డు వెంబడి వాల్చాలి. పాలీహౌస్‌లో గాలి కదలిక తక్కువ కాబట్టి, పూత ఉన్న రోజుల్లో ఎండ ఎక్కాక పూట పూటా పై తీగను కర్రతో తట్టి కదిపితే పుప్పొడి రాలుతుంది. ఇది మానేస్తే గెలలో గోలీల్లాంటి చిన్న కాయలే మిగులుతాయి.

ఇప్పుడు కూలీ లెక్క. క్యాప్సికం మొక్కకు ఒక్క నిమిషం చొప్పున చూసినా 11,500 మొక్కలకు 192 గంటలు, అంటే రోజుకు ఎనిమిది గంటల లెక్కన 24 మంది ఒక రోజు పని. ఇది పది రోజులకు ఒకసారి రావాలి. అంటే కోత, మందు, డ్రిప్పు పనులు కాకుండా కత్తిరింపులకే రోజూ ఇద్దరు, ముగ్గురు ఎకరానికి కావాలి. ఇంత మనిషి బలం లేనివారు ఎకరం కట్టకుండా అర ఎకరంతో మొదలుపెట్టడం మంచిది. బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులో కూలీ అంతా ఒకే అంకెగా రాస్తే ఈ సంగతి బయటపడదు. మొదటి నెల నలుగురితో పని నడిచిపోతుంది, పదో వారానికి పాలీహౌస్ అడవి అవుతుంది.

ఈ పని చేసేది దాదాపు అన్నిచోట్లా ఆడవాళ్లే. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ చుట్టుపక్కల గులాబీ, జెర్బెరా, క్యాప్సికం తోటల్లో ఏ మొగ్గ ఉండాలో, ఏది పోవాలో రోజంతా నిర్ణయిస్తున్నది వాళ్ల వేళ్లే. శిక్షణకు మాత్రం యజమానిని పిలుస్తారు. ఆయన జీడిమెట్లలోని ఉద్యాన శాఖ కేంద్రం, సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లో స్లయిడ్లు చూసి వచ్చి "అడ్డం వచ్చినవన్నీ తీసేయండమ్మా" అని చెబుతారు. ఏది అడ్డమో ఆమెకు ఎవరూ చూపించరు. హెక్టారుకు 80 నుంచి 100 టన్నుల క్యాప్సికం సాధ్యమని ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పే అంకె, అంటే ఎకరానికి 32 నుంచి 40 టన్నులు, ఆ మనిషికి పని తెలిసి ఉంటేనే నిజమవుతుంది. మొక్క దగ్గర నిలబడి, ఇది ఉంచు, ఇది తీయి, ఎందుకంటే ఇదీ కారణం అని రెండు పూటలు చూపిస్తే ఎవరైనా నేర్చుకుంటారు. ఒకసారి నేర్చుకున్నాక తోట మారినా ఆ నైపుణ్యం ఆమెతోనే వెళ్తుంది. అందుకు తగిన కూలీ కూడా ఆమెకు రావాలి. మామూలు కలుపు కూలీకీ, కత్తిరింపు కూలీకీ ఒకే రేటు కట్టడం న్యాయం కాదు. అలా కడితే పని నేర్చినవాళ్లు నిలవరు కూడా.

అందుకని ఉద్యాన శాఖలను మేం కోరేది ఇది. సబ్సిడీ విడుదలకు ముందు పైపుల మందం, షీటు మైక్రాన్లు కొలిచినట్టే, మొదటి పంట నాటిన 30 రోజులకు ఒకసారి, 60 రోజులకు ఒకసారి అధికారి వచ్చి మొక్కను చూడాలి. ఆ రోజే అదే పాలీహౌస్‌లో పనిచేసేవాళ్లకు, అవే మొక్కల మీద శిక్షణ ఇవ్వాలి, ఆ రోజు కూలీ శాఖే భరించాలి. సిద్దిపేట జిల్లా ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం విద్యార్థులను ఈ పనికి పంపవచ్చు. రాయలసీమ రైతులకు కుప్పంలో భారత్, ఇజ్రాయెల్ కలిసి పెట్టిన ఇండో-ఇజ్రాయెల్ ఉద్యాన కేంద్రం ఉంది. అక్కడికి రైతుతో పాటు పనిచేసే ఇద్దరిని తీసుకువస్తేనే ప్రవేశం అన్న నియమం పెట్టినా చాలు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. క్యాప్సికం నారు ఎక్కువమంది నాటేది జూన్, ఆగస్టు మధ్య. మీ వ్యవసాయ పేజీలో జూన్ మొదటి వారంలోనే మొదటి పంగ, దానిలోని పువ్వు, ఉంచాల్సిన రెండు కొమ్మలు, ఒక ఆకు ఉంచి తుంచాల్సిన పక్క కొమ్మ, వదులు ముడి, ఈ ఐదు బొమ్మలు పెద్దగా, రంగుల్లో, అక్షరం తక్కువగా వేయండి. పేజీ కత్తిరించి పాలీహౌస్ స్తంభానికి అతికించుకునేలా ఉండాలి. చదువు రానివారికి కూడా బొమ్మ చూస్తే అర్థం కావాలి. బొమ్మలకు కావాల్సిన మొక్కలు మా తోటల్లో ఉన్నాయి. మీ ఫొటోగ్రాఫరు నాటిన నాలుగో వారంలో, ఉదయం తడి ఆరాక వస్తే అన్నీ ఒకే వరసలో దొరుకుతాయి.

ఇట్లు,
పాలీహౌస్ కూరగాయల సాగుదారులు కొందరు,
రంగారెడ్డి జిల్లా